కోడ్ రాయని కాంట్రిబ్యూటర్

మా క్లాసులో ఓపెన్ సోర్స్ అనగానే అందరూ కోడ్ గురించే మాట్లాడతారు. స్క్రీన్ ఎలా ఉండాలో ఆలోచించే డిజైనర్‌కి అక్కడేం పని అని అడిగేవాళ్లకి నేను బ్లెండర్ సంగతి చెప్తాను.

బ్లెండర్ త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్. 2002లో ఓపెన్ సోర్స్ అయ్యింది. చాలా ఏళ్లు అందులో ఒక వస్తువుని సెలెక్ట్ చేయాలంటే మౌస్ కుడి బటన్ నొక్కాలి. ఎడమ బటన్ నొక్కితే త్రీడీ కర్సర్ అక్కడికి దూకేది. కొత్తవాళ్లు తికమకపడేవాళ్లు. పాతవాళ్లకేమో కుడి క్లిక్కే చేతికి అలవాటు. కోడ్‌లో తప్పు లేదు, అయినా మనిషి ఆగిపోతున్నాడు. డిజైనర్ పని మొదలయ్యేది ఇక్కడే.

2019 జులైలో వచ్చిన 2.80 వెర్షన్‌లో ఎడమ క్లిక్ డిఫాల్ట్ అయ్యింది. కానీ కుడి క్లిక్‌ని తీసెయ్యలేదు. మొదటిసారి తెరవగానే ఏది కావాలో ఎంచుకోవచ్చు.

దీన్నిబట్టి నాకు మూడు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, కొత్త స్క్రీన్ గీసే ముందు ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో రాయాలి. రెండు, మార్పుకి కారణం అందరికీ కనిపించేచోట చెప్పాలి. అక్కడ చాలామంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, ఒప్పించాలే తప్ప ఆర్డర్ వెయ్యలేం. మూడు, పాతవాళ్ల అలవాటుకి ఒక దారి ఉంచాలి.

మీకు కోడ్ రాదా? ఫర్వాలేదు. ఏదైనా ఓపెన్ సోర్స్ యాప్‌ని మీ అమ్మ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చోండి. వేలు ఎక్కడ ఆగిందో రాసి ఆ ప్రాజెక్టువాళ్లకి పంపండి. అది కూడా కాంట్రిబ్యూషనే.