ఐదో మెట్టు



కుస్తీ అంటే మీకు తెలుసు. తిరనాళ్లలో, జాతర్లలో కుస్తీ పోటీలు పెడతారు. ఇద్దరు మగవాళ్లు బరిలోకి దిగుతారు. చుట్టూ జనం చేరతారు. ఈలలు వేస్తారు. ఆడవాళ్లు ఎక్కడో దూరంగా అరుగుల మీద నుంచి చూస్తారు. అంతే కదా?

జపాన్ దేశంలో ఇలాంటి విద్య ఒకటి ఉంది. దాని పేరు జూడో. 'జూ' అంటే మెత్తన. 'డో' అంటే దారి. మెత్తని దారి అన్నమాట. కుస్తీకి మెత్తన ఏంటి అని మీకు నవ్వు రావచ్చు. ఆగండి, చెబుతాను.

ఈ పాఠం జూడో నేర్చిన ఒక ఆడమనిషి గురించి. ఆమె పేరు కేకో ఫుకుదా. పేరు మనకు కొత్త. రెండు మూడు సార్లు పైకి చదవండి. కే-కో. ఫు-కు-దా.

ఆమె 1913లో టోక్యో నగరంలో పుట్టింది. టోక్యో జపాన్ దేశానికి రాజధాని. మనిషి చాలా పొట్టి. 5 అడుగులు కూడా లేదు. ఒక అంగుళం తక్కువ. బరువు సుమారు 45 కిలోలు. బస్తా వడ్లు ఇంతకన్నా ఎక్కువ తూగుతాయి. ఇలాంటి మనిషి తనకు రెట్టింపు ఉన్న మగవాణ్ణి ఎత్తి చాప మీద వేయగలదు.

ఎలాగ?

ఒకడు మీ తలుపును భుజంతో గుద్దడానికి పరిగెత్తుకొస్తున్నాడు అనుకోండి. మీరు లోపలి నుంచి తలుపును గట్టిగా అదిమి పట్టుకుంటే ఏమవుతుంది? ఎవరికి బలం ఎక్కువో వాళ్లు గెలుస్తారు. అలా కాకుండా, సరిగ్గా అతను గుద్దే సమయానికి తలుపు తీసేశారు అనుకోండి. ఏమవుతుంది? లోపలికొచ్చి బోర్లా పడతాడు. మీరేమీ బలం పెట్టలేదు. అతని బలమే అతన్ని పడేసింది. జూడో అంటే ఇదే. నెట్టేవాణ్ణి తిరిగి నెట్టరు. కొంచెం జరుగుతారు. అతను తూలుతాడు. తూలినప్పుడు పట్టుకుని తిప్పుతారు.

ఈ విద్యను మొదలుపెట్టిన ఆయన జిగోరో కానో. ఆయన ఒక పంతులు. 1882లో టోక్యోలో ఒక బౌద్ధ గుడిలో 12 చాపలు పరిచి బడి పెట్టాడు. ఆ బడి పేరు కొడోకాన్. ఆ చాపలు మన తాటాకు చాపల్లాంటివి కావు. లోపల వరిగడ్డి కూరి, మందంగా, గట్టిగా చేస్తారు. వరి పండించే దేశం కదా, గడ్డికి కరువు లేదు. ఇప్పుడైతే చాలా చోట్ల రబ్బరు, ప్లాస్టిక్ చాపలు వచ్చాయి.

కానోకు కుర్రతనంలో పాత యుద్ధవిద్య నేర్పిన గురువుల్లో ఒకాయన కేకో తాతగారు. ఆ తాతను కేకో చూడలేదు. ఆమె పుట్టేనాటికే ఆయన పోయాడు. కానీ శిష్యుడు గురువును మరవలేదు. కానో పెద్దవాడయ్యాక, తన గురువు మనవరాలు ఉందని తెలిసి, "మా బడికి వచ్చి నేర్చుకో అమ్మా" అని పిలిచాడు. అప్పటికి కొడోకాన్‌లో ఆడవాళ్లకు వేరే తరగతి ఉంది. 1926లో పెట్టారు.

కేకో 1935లో చేరింది. అప్పుడామెకు 21 ఏళ్లు. అప్పటిదాకా ఆమె నేర్చింది ఏంటంటే అందంగా అక్షరాలు రాయడం, పూలు అమర్చడం, అతిథులకు పద్ధతిగా టీ ఇవ్వడం. పెళ్లికి ఎదిగిన జపాన్ ఆడపిల్లలకు అవే నేర్పేవారు. అలాంటి పిల్ల కాళ్లు చాచి, చేతులు పట్టి, మనుషుల్ని పడేస్తానంటే ఇంట్లో ఏమంటారు? మేనమామో పెదనాన్నో, ఆ ఇంట్లో ఒక పెద్దాయన వద్దన్నాడు. తల్లి, అన్నదమ్ముడు మాత్రం సరేనన్నారు. జూడో నేర్చినవాణ్ణి ఎవరినైనా పెళ్లి చేసుకుంటుందిలే అని వాళ్లు లోలోపల అనుకున్నారట. తల్లుల లెక్క ఏ దేశంలోనైనా ఒకటే!

మొదటి పాఠం: పడటం

జూడో బడిలో మొదట ఏం నేర్పుతారో చెప్పండి చూద్దాం. ఎదుటివాణ్ణి పడేయడం కాదు. తాను పడటం.

నవ్వకండి. పడటం కూడా నేర్చుకోవాలి. వెనక్కి పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనించాలి. అప్పుడు తల నేలకు తగలదు. చేతిని చాచి, అరచేయి, ముంజేయి మొత్తంతో చాపను ఫట్‌మని కొట్టాలి. అప్పుడు దెబ్బ ఒక్కచోట పడదు. ఒళ్లంతా పంచుకుంటుంది. ఊపిరి బిగబట్టకూడదు. ఇది రోజూ చేయిస్తారు. కొత్తవాళ్లే కాదు, నల్ల బెల్టు వాళ్లు కూడా చేస్తారు.

ఇంకో సంగతి. జూడో ఒంటరిగా వచ్చే విద్య కాదు. బావిలో నీళ్లు తోడటం ఒక్కరే నేర్చుకోవచ్చు. జూడో అలా కాదు. నేను ఒక పట్టు వందసార్లు సాధన చేయాలంటే, నా ఎదుట ఇంకొకరు వందసార్లు పడాలి. పడేవాళ్లు లేకపోతే పడేసేవాళ్లకు చదువే లేదు.

పై మెట్టుకు పరీక్ష పెట్టినప్పుడు కూడా ఇంతే. పరీక్షలో ఒక భాగానికి 'కతా' అని పేరు. ఇద్దరు కలిసి, ముందే కుదుర్చుకున్న పద్ధతిలో పట్లు చేసి చూపాలి. పరీక్ష ఒకరిది. రెండో మనిషి తోడుగా వస్తుంది. ఆమెకు ఆ రోజు బెల్టు రాదు. అయినా నెలల తరబడి రోజూ వచ్చి పడుతుంది. ఒళ్లు నొప్పులు భరిస్తుంది. పెద్ద తరగతి వాళ్లు చిన్న తరగతి వాళ్ల కోసం పడతారు. నిన్న తన కోసం ఎవరో పడ్డారు కదా!

నాకు ఈ విద్యలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మన కేంద్రంలో కూడా చూస్తున్నాం. ఒకావిడ పలక మీద రాస్తుంటే పక్కావిడ ఆమె బిడ్డను ఎత్తుకుని ఆడిస్తుంది. మరి ఆ పక్కావిడ ఆ పూట రాయలేదు. ఆ పూట ఆమెకు హాజరు వేయాలా వద్దా? వేయాలనే నేనంటాను.

కానో తన శిష్యులకు రెండు సూత్రాలు చెప్పేవాడు. ఒకటి, ఉన్న శక్తిని వృథా చేయకుండా వాడు. రెండు, నువ్వూ ఎదుటివాడూ ఇద్దరూ బాగుపడండి. రెండోది మరచినవాడికి పట్లు ఎన్ని వచ్చినా జూడో రానట్టే లెక్క.

బెల్టులు, మెట్లు

జూడో నేర్చేవాళ్లు తెల్ల అంగీ, తెల్ల లాగు వేసుకుంటారు. నడుముకు బెల్టు కడతారు. ఇది తోలు బెల్టు కాదు, గుడ్డ బెల్టు. మొదట తెల్లది. నేర్చేకొద్దీ రంగు మారుతుంది. కొన్నేళ్లకు నల్లది వస్తుంది. చాలామంది నల్ల బెల్టు వస్తే అయిపోయిందనుకుంటారు. కాదు. అక్కడి నుంచే అసలు మెట్లు మొదలు. ఒక్కో మెట్టును 'డాన్' అంటారు. మొత్తం 10. ఆరో మెట్టు ఎక్కితే ఎరుపు తెలుపు కలిసిన బెల్టు. తొమ్మిదో మెట్టుకు ఎర్ర బెల్టు. పదో మెట్టు ఎక్కినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

జపాన్‌లో ఆడవాళ్ల నల్ల బెల్టు మీద పొడవునా ఒక తెల్ల చార ఉండేది. మగవాళ్ల బెల్టుకు లేదు. చదువు ఒకటే, చాప ఒకటే, చార మాత్రం వేరు.

కేకో చేరిన రెండేళ్లకే, 1937లో, తను నేర్చింది ఇతరులకు నేర్పే టీచరయ్యింది. కాలేజీ చదువు కూడా పూర్తి చేసింది. 1938లో కానో చనిపోయాడు. ఓడలో జపాన్‌కు తిరిగి వస్తూ, దారిలోనే పోయాడు. జూడోను ఇతర దేశాలకు కూడా తీసుకెళ్లండి అని ఆయన శిష్యులకు చెప్పి ఉన్నాడు. ఆ మాటను కేకో మనసులో పెట్టుకుంది.

పెళ్లి సంబంధం వచ్చింది. పెళ్లి చేసుకుంటే జూడో మానాలి. ఆమె జూడోనే ఎంచుకుంది. పెళ్లి వద్దంది. అందరూ ఇలా చేయాలని నేను చెప్పను. పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, జూడో కూడా నేర్చినవాళ్లు ఇప్పుడు ఎందరో ఉన్నారు. ఆ రోజుల్లో మాత్రం రెండూ కుదరనిచ్చేవారు కాదు.

1953 నాటికి ఆమె ఐదో మెట్టు మీద ఉంది. ఆ ఏడే అమెరికా వెళ్లి రెండేళ్ల దాకా ఉండి, అక్కడి వాళ్లకు నేర్పింది. మళ్లీ జపాన్ వచ్చింది. 1964లో టోక్యోలో ఒలింపిక్ ఆటలు జరిగాయి. జూడోను ఒలింపిక్‌లో చేర్చింది అప్పుడే. కానీ పోటీలు మగవాళ్లకే. కేకో, ఇంకొక స్త్రీ కలిసి 'జూ నో కతా' అనే పద్ధతి అందరి ముందు చేసి చూపారు. ఇందులో 15 పట్లు ఉంటాయి. ఎవరినీ నేల మీద పడేయరు. మామూలు బట్టల్లో, చాప లేకుండా కూడా చేయవచ్చు. ఆడవాళ్లకు ఒలింపిక్‌లో పతకాల పోటీ పెట్టింది 1992లో. మధ్యలో ఎన్నేళ్లు పోయాయో చూడండి.

ఇక అసలు సంగతికి వద్దాం. ఐదో మెట్టు తర్వాత ఆరోది కదా? కేకోకు అది ఇవ్వలేదు. రాక కాదు. పరీక్ష తప్పీ కాదు. ఆడవాళ్లకు ఐదో మెట్టు దాటి ఇవ్వకూడదు అని కొడోకాన్‌లో నియమం ఉంది. ఆమె దగ్గర నేర్చుకునే వయసున్న మగవాళ్లు ఆమెను దాటి పైకి పోతున్నారు. ఆమె అక్కడే ఉంది. ఏడాది తర్వాత ఏడాది.

మీరైతే ఏం చేస్తారు? ఎవరి కోసం ఈ కష్టం అని బెల్టు విప్పి మూల పడేస్తారా?

ఆమె నేర్పడం ఆపలేదు. 1966లో మళ్లీ అమెరికా వెళ్లింది. అప్పుడామెకు 53 ఏళ్లు. మన దగ్గర 53 అంటే కోడళ్లు వచ్చి, మనవల్ని ఎత్తుకునే వయసు. ఆ వయసులో కొత్త దేశం, కొత్త తిండి, కొత్త భాష. ఆడపిల్లల కాలేజీలో టీచరు పని దొరికింది. పగలు అక్కడ నేర్పేది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో తను ఉంటున్న స్నేహితురాలి ఇంట్లో కూడా తరగతి పెట్టింది. ఆడవాళ్లు ఒకరిని చూసి ఒకరు వచ్చారు. ఇల్లు చాలలేదు. తరగతిని ఒక బౌద్ధ గుడికి మార్చారు. కానో మొదలుపెట్టింది గుడిలోనే అని చెప్పాను కదా, ఈమెకూ గుడే దిక్కయింది. తర్వాత 1973లో ఆడవాళ్ల జూడో బడికి వేరే చోటు కుదిరింది.

తన మెట్టు సంగతి ఆమె పెద్దగా అడగలేదు. ఆమె చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోలేదు. ఇన్నాళ్లూ ఆమె వాళ్లను నిలబెట్టింది. ఇప్పుడు వాళ్లు ఆమె కోసం కలం పట్టారు. ఆ స్నేహితురాలు స్త్రీల హక్కుల సంఘంలో పనిచేసే మనిషి. ఈ నియమం న్యాయం కాదు, తీసేయండి అని కొడోకాన్‌కు ఉత్తరాలు రాయించారు. ఒకటి కాదు, రెండు కాదు. ఉత్తరం మీద ఉత్తరం. కొట్లాట లేదు, ధర్నా లేదు. కాగితం, కలం, అంతే.

1972లో నియమం మారింది. కేకోకు ఆరో మెట్టు ఇచ్చారు. ఒలింపిక్‌లో ఆమెతో కలిసి చేసి చూపిన స్త్రీకి కూడా ఇచ్చారు. ఆడవాళ్లలో వాళ్లే మొదటివాళ్లు.

ఆరో మెట్టు రాగానే కేకో కుర్చీలో వెనక్కి వాలలేదు. 1974 నుంచి ఏటా ఆడవాళ్లకు ప్రత్యేకంగా జూడో శిబిరం పెట్టింది. వేర్వేరు ఊళ్ల ఆడవాళ్లు కొద్ది రోజులు ఒకచోట ఉండి సాధన చేసేవారు. చాలా చోట్ల మగవాళ్ల మధ్య ఒకరో ఇద్దరో ఆడవాళ్లు ఉండేవారు. వాళ్లకు ఈ శిబిరం పుట్టింటికి వచ్చినట్టు ఉండేదని నా ఊహ. జూడో నేర్చే స్త్రీల కోసం ఆమె పేరుతో సాయం నిధి కూడా ఏర్పడింది. అమెరికాలోనే ఉండిపోవాలని ఆమె జపాన్ పౌరసత్వం వదులుకుంది. అది తేలిక కాదు. పుట్టిన దేశం కదా.

వయసు మీద పడింది. మోకాళ్లు సహకరించలేదు. ఆమె కుర్చీ వేసుకుని కూర్చుని నేర్పింది. ఎవరి కాలు ఎక్కడ తప్పు పడిందో అక్కడి నుంచే చెప్పేది. 90 దాటాక కూడా చాప దగ్గరికి వస్తూనే ఉంది.

2006లో కొడోకాన్ ఆమెకు తొమ్మిదో మెట్టు ఇచ్చింది. ఆమె వయసు 92. 2011లో అమెరికా జూడో సంఘం పదో మెట్టు ఇచ్చింది. ఆమె వయసు 98. ఆ మెట్టు ఎక్కిన మొదటి స్త్రీ ఆమే. 2013 ఫిబ్రవరిలో, ఇంకో రెండు నెలల్లో 100 నిండుతాయనగా, కన్నుమూసింది.

మాట్లాడుకోండి

కేకోకు మెట్టు ఇవ్వకపోయినా ఆమె ఎందుకు నేర్పుతూ ఉంది? ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పండి. అందరి జవాబూ ఒకటే కానక్కర్లేదు. సాధన రోజుల్లో ఆమె కోసం పడినవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల గురించి కూడా మాట్లాడండి.

లెక్క కట్టండి

1953లో ఐదో మెట్టు. 1972లో ఆరో మెట్టు. మధ్యలో ఎన్నేళ్లు? 1935లో చేరింది, 2011లో పదో మెట్టు వచ్చింది. ఎన్నేళ్లు పట్టింది? పలక మీద వేసి పక్కవాళ్లకు చూపండి.

రాయండి

మీ వీధిలో ఆగిపోయిన పని ఒకటి తలచుకోండి. బోరింగు కావచ్చు, వీధి దీపం కావచ్చు, పింఛను కావచ్చు. నలుగురు కలిసి ఒక ఉత్తరం రాయండి. పైన తేదీ వేయండి. తర్వాత ఇలా మొదలుపెట్టండి:

గ్రామ పంచాయతీ సర్పంచ్ గారికి,

మేము ఈ ఊరి స్త్రీలం. మా వీధిలో...

మిగతాది మీరు పూర్తి చేయండి. కింద వేలిముద్ర వద్దు. నలుగురూ సంతకాలు చేయండి. వచ్చే ఆదివారం కేంద్రానికి తెండి, అందరం కలిసి పైకి చదువుదాం.