డొలోరెస్ ఓ రియోర్డన్ : గాయనిగా, గీత రచయిత్రిగా

పాశ్చాత్య యువజన సంగీతమనగానే చెవులు చిల్లులు పడే వాద్యఘోష తప్ప అందు మరేమియు లేదని మనలో పలువురి అభిప్రాయం. అది పూర్తిగా నిరాధారమని చెప్పజాలము. అయితే ఆ ఘోష నడుమనే ఒక పల్లెటూరి కంఠం తన యాసను విడనాడకుండా దేశదేశాలకు వినిపించిన వైనం విద్యార్థి మిత్రులు తెలుసుకొనదగినది.

డొలోరెస్ 1971 సెప్టెంబరు 6న ఐర్లండులోని లిమరిక్ ప్రాంతమందలి బ్యాలీబ్రికెన్ గ్రామంలో జన్మించింది. బాల్యంలో చర్చి గాయకబృందంలో పాడుతూ ఆర్గన్ వాయించుట నేర్చింది. 1990లో నోయెల్ హోగన్, మైక్ హోగన్ సోదరులు, ఫెర్గల్ లాలర్ కలిసి నడుపుతున్న బృందాన్ని వారి గాయకుడు వీడిపోయాడు. ఆ స్థానం కోసం ఆమె వెళ్ళి పాడి వినిపించింది. నోయెల్ తాను కూర్చిన గిటార్ బాణీని టేపుమీద ఇవ్వగా, దానికి మాటలు అల్లి తెచ్చింది. అదే 'లింగర్' గీతం. ఆ బృందమే 'ది క్రాన్‌బెర్రీస్'.

1993లో వెలువడిన వారి తొలి ఆల్బమును స్వదేశీయులు మొదట అంతగా పట్టించుకొనలేదు. అమెరికాలో ఎం.టి.వి. ప్రసారాల వలన 'లింగర్' అచటి పాటల పట్టికలో 8వ స్థానానికి చేరిన పిమ్మటనే ఇంటివారు చెవియొగ్గారు. పొరుగింటి పుల్లకూర రుచి మనకొక్కరికే పరిమితం కాదు కాబోలు!

ఆమె రచనలలో ప్రత్యేకంగా పరిశీలింపదగినది 'జాంబీ'. 1993 మార్చి 20న ఇంగ్లండులోని వారింగ్టన్ పట్టణపు అంగడివీధిలో ఐరిష్ రిపబ్లికన్ సైన్యం అమర్చిన బాంబులు పేలి, 3 ఏండ్లు, 12 ఏండ్లు గల ఇద్దరు బాలురు బలియైనారు. బ్రిటిషు పాలనను ఎదిరిస్తున్నామని ప్రకటించుకొన్న ఆ దళం తన జాతిది. అయినప్పటికీ ఆమె మౌనం వహించలేదు. 1916 నాటి తిరుగుబాటు మొదలు తరతరాలుగా సంక్రమించిన పగను ఆలోచన లేక మోయువారిని నడిచే శవాలతో పోల్చింది. ఐర్లండు చరిత్రలోని చిక్కుముడులను ఆమె మరీ సులభం చేసిందని విమర్శించినవారు కలరు. ఆ విమర్శలో కొంత సత్యమున్నది. కాని ఆమె వ్రాసినది చరిత్ర గ్రంథం కాదు, బిడ్డను కోల్పోయిన తల్లి గోడు. ఈ పాట వలననే కాల్పుల విరమణ జరిగినదని అభిమానులు కొందరు చెప్పుకొనుట మాత్రం సరికాదు. విరమణ ప్రకటన 1994 ఆగస్టు 31న వెలువడగా, పాట విడుదలైనది సెప్టెంబరులో.

సంగీతపరంగా ఆ పాట నిర్మాణం అతి సరళం. నాలుగు స్వరసంపుటులు ఆద్యంతం వలయంగా తిరుగుతాయి. బలమంతా కంఠంలోనే ఉన్నది. మంద్రంగా సాగుతున్న గొంతు హఠాత్తుగా విరిగి పైస్థాయికి ఎగయుట ఆమె గానముద్ర. పూర్వం ఐర్లండు పల్లెలలో మృతుల చెంత స్త్రీలు రాగం తీసి శోకించే ఆచారముండేది. ఆమె గానంలో ఆ ఛాయ వినిపిస్తుందని సంగీతజ్ఞులంటారు. మొహర్రం దినాలలో హైదరాబాదు పాతబస్తీలో మర్సియా, నౌహా విన్నవారికి ఈ మాట సులభంగా బోధపడగలదు. రెండింటి మతం, భాష, సందర్భం వేరు. దుఃఖం పదిమంది యెదుట స్వరమగుట మాత్రం ఉభయత్రా ఒక్కటే.

ఆ పాట గల రెండవ ఆల్బమునకు ఒక్క అమెరికాలోనే 70 లక్షల ప్రతుల ధ్రువీకరణ లభించింది. అంతటి కీర్తి మోయుటకు తేలిక కాలేదు. 2003లో బృందం విరామం ప్రకటించింది. 2007, 2009 సంవత్సరాలలో ఆమె స్వతంత్రంగా రెండు ఆల్బములు వెలువరించి, మరల పాత మిత్రులతో కలిసింది. బైపోలార్ అనే మానసిక వ్యాధితో బాధపడుచున్నట్లు దాపరికం లేకుండా వెల్లడించింది. 2018 జనవరి 15న లండన్ హోటలులో, మద్యం మత్తులో స్నానపు తొట్టిలో మునిగి మరణించింది. అది ప్రమాదమేనని విచారణాధికారి నిర్ణయించారు. వయస్సు 46 ఏండ్లు.

అప్పటికే క్రొత్త పాటలకు ఆమె నమూనాగా పాడి ఉంచిన గాత్రం మిగిలి ఉన్నది. కుటుంబ సభ్యుల అనుమతితో మిత్రులు మువ్వురు దానికి వాద్యాలు కూర్చి, 2019 ఏప్రిల్‌లో 'ఇన్ ది ఎండ్' పేర విడుదల చేశారు. ఆమె స్థానంలో మరొక గాయనిని తీసుకొనక, బృందాన్ని అంతటితో ముగించారు.