నడచు ఇల్లు

ప్రయాణికునకు పగలు దారి చాలును. రాత్రి యైనచో ఇల్లు కావలెను. ఆ యింటిని తన వెంట తీసికొనిపోగలిగిన నెంత బాగుండునని మానవుడు చిరకాలము నుండి తలపోయుచునే యున్నాడు.

ములుగు జిల్లాలోని మేడారమున రెండేండ్ల కొకసారి మాఘమాసములో సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. మోటారు బండ్లు విరివిగా లేని రోజులలో ఓరుగల్లు ప్రాంతపు పల్లెల నుండి జనులు ఎడ్లబండ్లు కట్టుకొని అచ్చటికి పోయెడివారు. బండిపై గూడు కట్టి, అడుగున వరిగడ్డి పరచి, దానిపై గొంగడి వేసి ముసలివారిని, పిల్లలను కూర్చుండబెట్టెడివారు. ఆ గడ్డియే పగలు మనుష్యులకు మెత్త, రాత్రి ఎడ్లకు మేత. నీరున్నచోట బండి ఆపి, ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించినచో అదియే ఇల్లు.

అట్టి బండిలో బరువు వేయుటకు ముందు రైతు తన ఎడ్లను చూచుకొనును. జతలో బలమైన యెద్దును బట్టి కాక, బలము తక్కువైన దానిని బట్టియే బరువు నిర్ణయించును. ఇది అతడు అనుభవము వలన నేర్చిన శాస్త్రము.

పల్లకీలలో పోవువారికిని ఈ నియమము తప్పలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. పల్లకీ ఎంత గొప్పదైనను, దినమునకు సాగు దూరము దానిని మోయు బోయీల పాదములను బట్టియే యుండును గదా! 1885లో గోర్డన్ స్టేబుల్సు అను స్కాట్లండు దేశపు వైద్యుడు గుఱ్ఱములు లాగు పెద్ద ఇంటిబండిని చేయించుకొని ఇంగ్లండు నుండి స్కాట్లండు వరకు పయనించెను. ఆ బండికి ‘వాండరర్’ అని పేరు. కొండదారులలో దాని వేగమునకు గుఱ్ఱముల శక్తియే హద్దు. పిమ్మట మోటారు వచ్చెను. 1950లో జర్మనీలో వోక్స్‌వాగన్ సంస్థ పెట్టెవంటి వ్యానును తయారుచేయగా, మరుసటి సంవత్సరమే వెస్ట్‌ఫాలియా సంస్థ అట్టి వ్యానులో పడకలను, అలమరలను అమర్చెను. క్యాంపర్ వ్యాను లోకమున వ్యాపించుటకు ఇది ముఖ్యకారణ మయ్యెను.

ఇప్పుడు పెద్దవంగరలో ఒక కుటుంబము కలదనుకొందము. తాత, నాయనమ్మ, తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. వారు క్యాంపర్ వ్యానును అద్దెకు తీసికొని మేడారము, రామప్ప, లక్నవరము చూచి రాదలచిరి. నగరమున వారికి రెండు బండ్లు చూపబడినవి. ఒకటి పెద్దది, ఆరుగురికి పడకలు, స్నానపు గది కలవు. రెండవది చిన్నది, పడకలు నాలుగే.

“తాతా! పెద్దదే తీసికొందము” అని మనుమడు గంతులు వేసెను.

తాత చిరునవ్వు నవ్వి, “ఇందులో నీరెంత పట్టునో అడిగితివా, నాయనా?” అనెను.

“రెండువందల లీటర్లట.”

“లీటరు నీరు కిలో బరువు. అనగా రెండువందల కిలోలు. మంచములు, సామాను, మనము, మన మూటలు వేరు. బండి మోయదగిన మొత్తము బరువు దాని రిజిస్ట్రేషను పత్రములో వ్రాసియుండును. దానిని మించరాదు. వేగము రెట్టింపైన బ్రేకు వేసిన పిదప బండి ఆగు దూరము నాలుగు రెట్లగును. బరువు పైకప్పున వేసినచో మలుపులలో బండి ఒరగును. కావున బరువైనవి అడుగుననే యుండవలెను.”

తండ్రి మరికొన్ని సంగతులు విచారించెను. బండి నిర్మాణమును అనుమతి లేకుండ మార్చుట 1988 మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధము; కావున పత్రములన్నియు చదివెను. వంట గ్యాసు గాలికంటె బరువైనది. అది కారినచో నేలమట్టమున నిలుచును. అందుచేత క్రిందిభాగమున గాలి రంధ్రములు కలవో లేవో వంగి చూచెను. మూసిన బండిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట మృత్యువును పిలుచుటయే యని పిల్లలకు చెప్పెను. ఏలయనగా అందుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు; నిద్రలోనే ప్రాణము తీయును.

ఇంతలో నాయనమ్మ పెద్దబండి యెక్కబోయెను. మూడు ఇనుపమెట్లు ఎత్తుగా నున్నవి. ఆమె కమ్మిని పట్టుకొని, ఒక మెట్టుపై కాలు మోపి, మోకాలి నొప్పిచే అచ్చటనే నిలిచిపోయెను. మెల్లగా దిగి, “మీరు పోయి రండి బిడ్డా! నేను ఇంటికి కావలి యుందును” అనెను.

ఎవ్వరును మాటాడలేదు. మనుమడు చిన్నబండి వద్దకు పరుగెత్తి తలుపు తీసెను. దాని గడప జానెడు ఎత్తు మాత్రమే. నాయనమ్మ చేయి పట్టి లోపల కూర్చుండబెట్టి, “తాతా! ఇదే తీసికొందము. నీవును నేనును బయట డేరాలో పండుకొందము” అనెను.

“స్నానపు గదియో?” అని తాత అడిగెను.

“జంపన్నవాగు లేదా, తాతా?” అని బాలుడు బదులు చెప్పెను.

తాత మనుమని భుజము తట్టి, “మంచి బండికాడవు కాగలవు. బలము తక్కువైన యెద్దును చూచి బరువు వేసితివి” అనెను.

బండి గొప్పతనము దాని మెరుగులోను, పడకల లెక్కలోను లేదు. బయలుదేరినవారిలో అందరికంటె అశక్తుడైనవాడు దానిలో సుఖముగా పోయి, క్షేమముగా ఇల్లు చేరగలిగినచో అదియే మంచి బండి.