గంట మోగే ఇల్లు

అక్కలారా! మన పట్నాల్లో సిస్టర్లను మీరు చూసే ఉంటారు. బడి నడుపుతారు. ఆసుపత్రిలో రోగులకు మందులిస్తారు. అదే కతోలిక మతంలో ఇంకో రకం సిస్టర్లు కూడా ఉన్నారు. వాళ్లు బడి నడపరు, ఆసుపత్రి నడపరు. చేరిన చోటే బతుకంతా ఉంటారు. ప్రార్థన చేస్తారు, పని చేస్తారు. వాళ్లుండే ఇంటిని మఠం అంటారు.

ఈ మాట చెబితే మా కేంద్రంలో ఒక పెద్దమ్మ వెంటనే అడిగింది. "జపం చేసుకుంటూ కూచుంటే అన్నం ఎవరు పెడతారమ్మా?"

మంచి ప్రశ్న. జవాబు చెప్పాలంటే చాలా దూరం పోవాలి. నార్వే అని ఒక చలిదేశం ఉంది. అక్కడ సముద్రం నేల లోపలికి చొచ్చుకు వచ్చిన చోట తౌత్రా అనే చిన్న లంక ఉంది. 1207లో అక్కడ సన్యాసులు ఒక మఠం కట్టారు. దాని రాతి గోడలు కూలి, కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1999లో అమెరికాలోని ఒక మఠం నుంచి సిస్టర్లు ఆ లంకకు వచ్చి కొత్త మఠం మొదలుపెట్టారు. 2006లో సొంత కట్టడం తయారైంది. గుడి పైకప్పు అద్దాలది. ఎదురుగా నీళ్లు కనిపిస్తాయి. చిన్న మఠమే. వేరు వేరు దేశాల ఆడవాళ్లు అక్కడ కలిసి ఉంటారు.

వాళ్ల రోజు గంటతో మొదలవుతుంది. తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో లేచి గుడిలో చేరతారు. డిసెంబరులో అక్కడ సూర్యుడు పొద్దున 10 గంటలకు వస్తాడు, మధ్యాహ్నం రెండున్నరకే పోతాడు. జూన్‌లో రాత్రి 11 దాటినా వెలుగు ఉంటుంది. కాబట్టి పొద్దును చూసి లేవడం కుదరదు. గంటనే నమ్ముకోవాలి. రోజుకు ఏడుసార్లు గంట మోగుతుంది, ఏడుసార్లు ప్రార్థన. బైబిల్లో 150 కీర్తనలున్నాయి. వాటినే వంతులవారీగా పాడతారు. చేతిలో ఏ పని ఉన్నా గంట వినగానే ఆపాలి. మధ్య మధ్యలో పని. రాత్రి ఆఖరి ప్రార్థన అయ్యాక మాటలుండవు. నాకైతే అంత మౌనం చేతకాదు!

ఇక పెద్దమ్మ ప్రశ్న. వాళ్లకు అన్నం పెట్టేది సబ్బు. అవును, సిస్టర్లు చేత్తో సబ్బులు చేసి అమ్ముతారు. సంఘంలో సబ్బు చేసిన అక్కలకు ఈ పని తెలుసు. కాస్టిక్ సోడాను నీళ్లలో వేయాలి. సోడా మీద నీళ్లు పోస్తే చిమ్మి చెయ్యి కాలుతుంది. ఆ నీళ్లను నూనెలో కలిపి, చిక్కబడేదాకా తిప్పి, అచ్చులో పోయాలి. గట్టిపడ్డాక కోసి, కొన్ని వారాలు ఆరబెట్టాలి. తొందరపడితే సబ్బు చర్మాన్ని మండిస్తుంది.

ఈ పద్ధతి అంతా ఎక్కడిది? దాదాపు 1,500 ఏళ్ల కిందట ఇటలీలో బెనెడిక్టు అనే సన్యాసి ఒక నియమాల పుస్తకం రాశాడు. తన చేతులతో కష్టపడి బతికేవాడే నిజమైన సన్యాసి అన్నాడు. వంట సంగతి కూడా రాశాడు. వంట అందరిదీ, వారానికొకరి వంతు. జబ్బుపడ్డవాళ్లకు, మరీ ముఖ్యమైన పనిలో ఉన్నవాళ్లకు తప్ప మినహాయింపు లేదు. ఒంట్లో బలం లేనివాళ్లకు సాయం ఇవ్వాలి, మనసు కష్టపెట్టుకుంటూ వండకూడదు. శనివారం వంతు దిగేవాళ్లు తువ్వాళ్లు ఉతకాలి. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిసి అందరి కాళ్లూ కడగాలి. గిన్నెలు శుభ్రం చేసి అప్పజెప్పాలి. మఠంలో ఉన్న గిన్నెలనూ పనిముట్లనూ పూజ పాత్రల్లా చూసుకోవాలట. ఇప్పుడు ఒక్కో మఠం తన వీలును బట్టి ఏర్పాట్లు చేసుకుంటుంది. అయినా వంతు అన్న మాట చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా ఇంట్లో ఆమె వంతు ఒక్కనాడూ దిగలేదు.

ఆ పుస్తకంలో ఇంకో నియమం ఉంది. అది మన కోసమే రాసినట్టుంటుంది. రోజూ కొన్ని గంటలు చదువుకోవాలి. పని మిగిలితే చదువుదాంలే అనడానికి లేదు. పనికి వేళ ఉన్నట్టే చదువుకూ వేళ ఉంది. వాళ్లు గబగబా చదవరు. ఒక వాక్యం చదివి ఆగుతారు. మళ్లీ అదే చదువుతారు. మనం కూడబలుక్కుని చదువుతామని సిగ్గుపడతాం కదా. వాళ్లు కావాలనే నెమ్మదిగా చదువుతారు.

కానీ అక్కలారా, ఈ చదువు అక్కడ అందరికీ మొదటినుంచీ దక్కలేదు. దాచకుండా చెప్పాలి. తౌత్రా సిస్టర్ల సంఘం పేరు సిస్టెర్షియన్ సంఘం. 1100ల కాలంలో ఆ సంఘం మఠాలు పొలం పనికీ పశువుల పనికీ చదువురాని పేదవాళ్లను చేర్చుకున్నాయి. వాళ్లూ సన్యాసులే. అయినా వాళ్ల చేతిలో పుస్తకం ఉండకూడదని నియమం పెట్టారు. రెండు మూడు ప్రార్థనలు నోటికి వస్తే చాలన్నారు. ఆడవాళ్ల మఠాల్లోనూ రెండు వరసలు ఏర్పడ్డాయి. ఒక వరస పుస్తకం పట్టి కీర్తనలు పాడేది. రెండో వరస బండపని చేసేది. కీర్తనల బదులు పరలోక జపాన్ని లెక్కపెట్టి చెప్పేది. మఠం సంగతులు తేల్చేటప్పుడు ఓటు కూడా రెండో వరసకు లేదు. ఒకే ఇల్లు, ఒకే దేవుడు, మధ్యలో అక్షరం గోడ.

ఆ గోడ ఎన్నాళ్లుంది? 1965 దాకా! ఆ ఏడాది డిసెంబరులో రెండు వరసలనూ కలిపేశారు. అందరికీ ఒకే గుడి, ఒకే పుస్తకం, ఒకే ఓటు అయింది. మన అమ్మలు, అమ్మమ్మలు అప్పటికే పుట్టి ఉన్నారు. అది అంత పాతకాలం మాట కాదు.

ఇది విని మా పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చదువు రాదని ఓటు కూడా ఇయ్యలేదా!" అంది. పలక ముందుకు లాక్కుంది.

ఇక మీ పని. ఈ రాత్రి నోటుబుక్కులో మీ రోజును గంటల ప్రకారం రాయండి. లేచిన గంట, పొయ్యి ముట్టించిన గంట, కూలికి పోయిన గంట, పడుకున్న గంట. చదువుకున్న గంట ఉంటే అదీ రాయండి. లేకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచండి. రేపు కేంద్రంలో ఒక్కొక్కరూ పైకి చదవాలి. తప్పులు పోయినా పరవాలేదు.