ఖో ఇచ్చి కూర్చోవాలి

చెల్లీ, మీవాడికి లెక్కల్లో 98 వచ్చాయని సంబరంగా చెప్పి, జ్వరంతో బడి మానేసిన పక్కపిల్లాడికి నోట్సు ఇవ్వనన్నాడని దిగులుపడ్డావు చూడు, ఆ దిగులు నాకు నచ్చింది. కొందరమ్మలు అలా ఇవ్వకపోవడాన్ని తెలివనుకుని మురిసిపోతారు. వాళ్లనేం అంటాం? ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు ఏ సెంటర్లో చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. రాత్రిళ్లు కూర్చుని డౌట్లు తీర్చిన స్నేహితుడి ఫొటో అందులో ఎవరేస్తారు?

"అందరితో కలిసుండు నాన్నా" అంటే ఏ పిల్లాడూ వినడు. ఒకరు లేకపోతే ఇంకొకరికి పని సాగని చోట పిల్లల్ని వదలాలి. ఖోఖోనే చూడు. తరిమే జట్టులో ఎనిమిదిమంది ఒకరు అటు, ఒకరు ఇటు మొహం పెట్టి కూర్చుంటారు. తరిమేవాడు మధ్యగీత దాటకూడదు, వెనక్కి తిరక్కూడదు. అవతలివాడు గీత దాటి తప్పించుకున్నాడా, ఎంతటి చిరుతైనా సరే, తనకి వీపు పెట్టి కూర్చున్నవాడికి ఖో ఇచ్చి, వాడి చోట కూర్చోవలసిందే. నాకు ఆ కూర్చోవడమే ఇష్టం! ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లకి అది నేర్పే చోటు ఇంకెక్కడుంది? 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పు మన అమ్మాయిలూ గెలిచారు, అబ్బాయిలూ గెలిచారు. ఇప్పటికైనా ఆటల పీరియడ్‌ని లెక్కల మాస్టార్లు లాక్కోవడం మానితే బాగుండు.

"చదువు సంగతి వేరక్కా, పరీక్ష ఎవరిది వాళ్లే రాయాలిగా" అంటావు. తెలుసు. కానీ చదువులోనూ దారి ఉంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్లపిల్లల్నీ, తెల్లపిల్లల్నీ, మెక్సికో మూలాల పిల్లల్నీ ఒకే బడిలో కలిపితే ఒకటే కొట్లాటలు. ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్టు వెళ్లి చూస్తే, తరగతిలో పోటీయే దానికి ఆజ్యం పోస్తోంది. ఆయన పాఠాన్ని ముక్కలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇప్పించాడు. మిగతాది తెలియాలంటే పక్కవాళ్లు చెప్తే వినాలి. పరీక్ష మాత్రం ఎవరిది వారిదే, అదీ పాఠం మొత్తం మీద! ఇక తడబడుతూ చెప్పేవాణ్ని వెక్కిరిస్తే పోయేది ఎవరి మార్కులు? జిగ్‌సా పద్ధతి అంటారు దాన్ని.

మన బళ్లలో గ్రూప్ ప్రాజెక్టులూ ఉన్నాయిలే. ఒకమ్మాయి చార్టంతా వేస్తుంది (నిజానికి వాళ్లమ్మ వేస్తుంది), మిగతా నలుగురూ పేర్లు రాసుకుంటారు.

నువ్వు ఇంట్లోనే మొదలుపెట్టు. ఈ ఆదివారం పులిహోర పిల్లలకే వదిలెయ్. చింతపండు పులుసు ఉడికించడం, పోపు పెట్టడం పెద్దదానికి. అన్నం పలుకుగా వండి ఆరబెట్టడం చిన్నాడికి. నువ్వు మధ్యలో దూరకు. అన్నం ముద్దయితే అక్క అరుస్తుంది, అరవనీ. పోపు మాడితే వాడూ అంటాడు. తినేటప్పుడు "ఎవరు బాగా చేశారమ్మా?" అని ఇద్దరూ నీ మొహంలోకి చూస్తారు. జవాబు చెప్పావో, చేసిందంతా వృథా. ఇంకో గరిటె వడ్డించమను.