వట్టివేరు

స్నపన తిరుమంజనము సేవించిన యాత్రికులకు వట్టివేరు పరిమళము క్రొత్త కాదు. తిరుచానూరు బ్రహ్మోత్సవములలో అమ్మవారికి వట్టివేళ్ళతో అల్లిన మాలలు, కిరీటములు సమర్పింతురు. వేసవిలో కుండనీటిలో నాలుగు వేళ్ళు వేయుట, గుమ్మములకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లుట మన యిండ్లలో పాత అలవాటే. అయినను ఆ వేరు ఏ మొక్కదో చూచినవారు కొద్దిమంది.

ఇది తృణజాతిలోనిది. అవురుగడ్డి యనియు అందురు. సంస్కృతమున మొక్కకు వీరణమని, వేరునకు ఉశీరమని వేర్వేరు పేర్లున్నవి. మన దేశమే దీని పుట్టినిల్లు. ఏటిగట్లు, చెరువు అంచులు, నీరు నిలిచెడి పల్లపు నేలలు దీనికి ఇష్టము. నిలువెత్తు దుబ్బుగా పెరుగును. ఆకులు సన్ననివి, బిరుసైనవి. ఆకులలో పరిమళము వెదకిన దొరకదు, అది యంతయు మట్టిలోపలనే యున్నది. పృథివియందలి పుణ్యగంధము తానేయని భగవానుడు గీత 7వ అధ్యాయమున సెలవిచ్చెను. తొలకరికి తడిసిన నేల వాసనకు, తడిపిన వట్టివేరు వాసనకు గల దగ్గరితనము ఎరిగినవారికి ఆ మాట వెంటనే స్ఫురింపక మానదు.

ఈ వేళ్ళు గరికవలె ప్రక్కలకు ప్రాకవు, నిట్టనిలువుగా దిగును. అనువైన నేలలో 3 మీటర్ల లోతు వరకు పోవును. అందుచేత దుబ్బు వరదలో మునిగినను, ఎండకు ఆకులు మాడినను మరల చిగుర్చును. దక్షిణదేశమున సాగగు రకములు మొలకెత్తెడి విత్తనము ఇంచుమించు ఇయ్యవు. పిలకలు నాటియే పెంచవలెను.

చిక్కంతయు ఇచ్చటనే. తులసి దళము గిల్లినచో మరల చిగుర్చును. వట్టివేరు కావలెనన్న మొక్కనే పెకలింపవలెను. కాలువగట్టున తానై పెరిగిన దుబ్బును త్రవ్వి తెచ్చినచో గట్టును పట్టియుంచిన వేళ్ళే పోవును. తరువాతి వానకు మన్ను జారును. స్వామి కైంకర్యమునకే తెచ్చితిమన్న సమాధానము గట్టునకు చాలదు గదా! సాగుచేయువారి పద్ధతి వేరు. కడలూరు తీరపు ఇసుకనేలలలో నాటి, సుమారు 15 నుండి 18 నెలలకు త్రవ్వి, వేరు కోసికొని, మొదలును పిలకలుగా చీల్చి మరల నాటుదురు. కొనువారు అట్టి వేరునే అడిగి కొనుట మేలు.

పెరడున్నవారు ఎండ తగిలెడి చోట, వానలు మొదలగు వేళ, జానెడు ఆకు విడిచి కత్తిరించిన పిలకలను నాటవచ్చును. మొదటి యేడు త్రవ్వరాదు. రెండవ యేట త్రవ్వినపుడు, వేరు కోయుటకు ముందే పిలకలు నాటుటకు గుంట సిద్ధము చేసికొనవలెను.