చింతకు మందు లెక్క

‘చిత’ అను మాటకును ‘చింత’ అను మాటకును వ్రాతలో ఒక్క సున్న మాత్రమే భేదము. చిత ప్రాణము పోయిన దేహమును కాల్చును. చింత ప్రాణమున్న దేహమును కాల్చునని పెద్దలు చెప్పుదురు. గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి భూములలో ప్రత్తిని, మిరపను పండించు కుటుంబములకు ఈ మాట పుస్తకములోని సూక్తి కాదు, ఇంటిలోని అనుభవము. విత్తనము వేసిన నాటి నుండి సరకు అమ్ముడుపోవు వరకు వారి నిద్ర వానతోను, పురుగుతోను, ధరతోను ముడిపడి యుండును. ఇట్టి నిత్యపు ఒత్తిడిని మనోబలముతో ఎట్లు భరింపవచ్చును? ఆ మనోబలమునకు గల మేర యెంత? ఇవియే ఈ పాఠమున విచారింపదగిన విషయములు.

ఒత్తిడి స్వరూపము

1936వ సంవత్సరమున కెనడా దేశమందలి మాంట్రియల్ నగరమున పరిశోధనలు చేయుచుండిన హాన్స్ సెల్యే అను శాస్త్రవేత్త, బాధలు వేర్వేరైనను వానికి శరీరము చూపు స్పందన యందు ఒక సామాన్య లక్షణము కలదని ప్రకటించెను. ఆపద యెదురైనపుడు గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును, శ్వాస పైపైన ఆడును. గట్టు మీద పాము కనబడినపుడు ఈ ఏర్పాటే ప్రాణమును కాపాడును. అయితే పాము పొదలోనికి పోవును, అప్పు పోదు. ఆపద నెలల తరబడి తొలగనిచో అదే ఏర్పాటు నిద్రను, ఆకలిని, ఓర్పును తినివేయును. అంతకంటె ముఖ్యమైన కీడు మరియొకటి కలదు. భయపడిన మనస్సు దూరము చూడజాలదు. ఏదో యొకటి వెంటనే చేయవలెనని తొందరపడును.

భయముతో చల్లిన మందు

ఈ తొందర యెంత నష్టము తెచ్చునో తెలిసికొనుటకు పరదేశముల ఉదాహరణ లక్కరలేదు. 1987–88 పంటకాలమున గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి చేలపై తెల్లదోమ విరుచుకుపడెను. పెట్టుబడి మునిగి, అప్పులు మీరి, కొందరు రైతులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. ఆ విపత్తుకు కారణములు పెక్కు గలవు. వానిలో ప్రధానమైనది సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులను మితిమీరి చల్లుట. ఆ మందులు దోమను తిని బ్రతుకు అక్షింతల పురుగులను, అల్లికరెక్క పురుగులను, సాలీళ్లను చంపెను. శత్రువులు లేని దోమ మరింత పెరిగెను. దోమ పెరుగగా భయము పెరిగెను. భయము పెరుగగా మందు పెరిగెను. మందుతో పాటు అరువు ఖాతా కూడ పెరిగెను.

దీనికి రైతునొక్కనినే తప్పుపట్టుట న్యాయము కాదు. సలహా చెప్పువాడును, మందు అమ్మువాడును, అరువిచ్చువాడును ఒక్కడే యైన చోట, తొందర రైతు మనస్సున మాత్రమే పుట్టలేదు. అయినను పాఠము స్పష్టము. ఆ పిమ్మట వ్యవసాయ శాస్త్రవేత్తలు పదేపదే చెప్పిన మాట యొక్కటే: మందు చల్లుటకు ముందు చేనిలో నడువుము, ఆకు త్రిప్పి చూడుము, పురుగును లెక్కింపుము. పసుపురంగు జిగురు అట్టలను చేనిలో నిలిపి వానికి అంటుకొనిన దోమలను గమనింపుమనుటయు అందులోని భాగమే. భయమునకును పనికిని నడుమ ఒక లెక్కను నిలుపుట ఈ పద్ధతి యొక్క సారము.

పురుగునకు చెప్పిన ఈ మందే చింతకును మందు.

సదాశ యనగా నేమి?

‘అంతయు మంచికే యగును’ అని కన్నులు మూసికొనుట సదాశ కాదు. 2021–22 పంటకాలమున ఆగ్నేయాసియా నుండి వచ్చిన నల్లతామర పురుగు మిరప పూతలో చేరి కాపును నాశనము చేసినపుడు, ఓపికతో లెక్కించి మందు వాడిన రైతులు కూడ నష్టపోయిరి. పెక్కురు తోటలను పీకివేసిరి. అట్టివానితో ‘నవ్వుచు నుండుము, అన్నియు చక్కబడును’ అనుట పుండు మీద కారము చల్లుటయే. ఉన్నదానిని ఉన్నట్లు చూచి, చేతనైన దానిని చేసి, చేతగాని దానికి తోడు పిలుచుటయే నిజమైన సదాశ.

చింతను లెక్కించుట

ఒక కౌలురైతును ఊహింపుడు. మూడెకరముల మిరప. కౌలు ముందుగా చెల్లించినాడు. కమిషన్ వ్యాపారి వద్ద కొంత, మందుల దుకాణమున కొంత అప్పు. భార్య నగలు తాకట్టులో నున్నవి. బావమరిది వద్ద తెచ్చిన చేబదులు వేరు. రాత్రి రెండవ జామున ఇవి యన్నియు కలసి ఒక్క కొండయై అతని రొమ్ముపై కూర్చుండును. కొండను మోయుట అసాధ్యము. రాళ్లుగా విడదీసినచో కొన్ని రాళ్లనైనను కదల్పవచ్చును.

ఒక కాగితముపై నాలుగు గడులు గీయవలెను: ఎవరికి, ఎంత, వడ్డీ యెంత, ఎప్పటికి. వ్రాసిన పిమ్మట అధిక వడ్డీది ఏదో, గడువు అడుగదగినది ఏదో కంటికి కనబడును. మొత్తము తగ్గదు; కాని పేరులేని భయము పేరుగల పనిగా మారును. ఈ కాగితమును భార్యకు చూపవలెను. ‘ఇంటిలో చెప్పి వారిని బాధపెట్టుట యెందుకు’ అని సగము అప్పును దాచు పురుషులు పెక్కురు. దాచిన అప్పుకు రెండు వడ్డీలు: ఒకటి అప్పిచ్చినవానికి, రెండవది మనస్సునకు.

కాగితముతో తీరని చిక్కులును గలవు. కౌలుదారునకు బ్యాంకు ఋణము దొరకుట కష్టము. 2019లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందముపై హక్కు పత్రమునకు మార్గము చూపెను. భూయజమాని సంతకము చేయనిచో ఆ మార్గమును మూతపడును. ఇట్టి చోట ధైర్యవచనములు చాలవు. గ్రామపెద్దలు యజమానులతో మాటలాడి సంతకము చేయించుట వలన చింత తగ్గును.

నేటి పని నేటికి

బసవేశ్వరుని కాలమునాటి కల్యాణమున ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యము ఏరి తెచ్చుటను కాయకముగా గలవాడు. ఒకనాడతడు నిత్యము కంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ అది ఆశకు గుర్తని చెప్పి, అధికమును తిరిగి అక్కడనే చల్లి రమ్మని పంపెనని శరణుల కథలు తెలుపుచున్నవి. ఈ కథను దురాశకే గాక చింతకును అన్వయింపవచ్చును. రేపటి భారమును కూడ నేడే మూట గట్టుకొనువాడు నేటి పనిని సరిగా చేయజాలడు. రేపటిని తలపకుండుట రైతునకు సాధ్యము కాదు. కాని తలచుటకు వేళ నిర్ణయించుకొనుట సాధ్యము. సాయంకాలము దంపతులు కలసి లెక్క చూచుకొని, పుస్తకము మూసి, మిగిలిన కాలమును చేతిలోని పనికి, పిల్లలకు, నిద్రకు ఇయ్యవలెను. చింత తిరిగి వచ్చినపుడు నెమ్మదిగా శ్వాస విడుచుట, కాళ్ల క్రింది నేలను గమనించుట మనస్సును నేటికి మరల్చును. వేళకు భుజింపవలెను. మద్యము చింతను తీర్చదు. తెల్లవారువరకు దాచి, వడ్డీతో తిరిగి యిచ్చును.

ఇరుగుపొరుగుల బాధ్యత

కొందరికి ఇంతటితో తీరదు. ఎప్పుడును పలుకువాడు మౌనము వహించుట, నిద్రాహారములు మానుట, ‘నేను లేకున్న మీకే సుఖము’ అనుట, తన వస్తువులను పంచిపెట్టుట అపాయ సూచనలు. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. ‘చనిపోవలెనని తోచుచున్నదా?’ అని నేరుగా అడుగుట వలన ఆ తలంపు పుట్టదు. మోయుచున్న భారము దిగును. ఇంటిలోని పురుగుమందును తాళము వేసి వేరొకరి అధీనమున ఉంచవలెను. ప్రాణము తీసికొనవలెనను ఉద్రేకము తరచు కొద్దిసేపటిదే; విషము చేతికందనిచో ఆ గడియ దాటిపోవును. శ్రీలంకలో 1995 నుండి అతి విషపూరితములైన పురుగుమందులను నిషేధింపగా, పదేండ్లలో ఆత్మహత్యల రేటు సుమారు సగమునకు తగ్గెను.

2022 అక్టోబరున కేంద్ర ప్రభుత్వము ‘టెలి మానస్’ను ప్రారంభించెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు, తెలుగుననే, ఉచితముగా సలహా లభించును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొనబోయినవానిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవానిగా భావించి, దండనకు బదులు సంరక్షణ కలిగింపవలెనని చెప్పుచున్నది. కావున వైద్యుని వద్దకు పోవుటకు సిగ్గును, భయమును అనవసరము.

మననమునకు

1. ఇంటిలో చెప్పక దాచిన అప్పు ఏదైన కలదా? దానిని ఎవరికి, ఏనాడు చెప్పవలెను?
2. గడచిన పంటకాలమున భయముతో తొందరపడి చేసిన పని ఏది? లెక్క చూచినచో అది మరియొక విధముగా జరిగి యుండెడిదా?
3. కొన్నాళ్లుగా అరుగు మీదికి రాని పొరుగువాడెవడు? నేటి సాయంకాలము అతని గడప ఎవరు త్రొక్కుదురు?

మొదటి రెండు ప్రశ్నలకు సమాధానము కాగితముపై వ్రాయవచ్చును. మూడవదానికి సమాధానము లేచి నడచిపోవుటయే.